సర్వి కొమ్మ, ఖర్జూరపు దడి

అత్త జ్ఞాపకార్థ కూడిక అయిపోయి, వచ్చినవాళ్ళు భోజనాలు చేసి వెళ్ళిపోయాక, ఆమె రేకు పెట్టె తెరిచే పని నామీద పడింది. అత్తకీ, అంతకుముందే పోయిన మావయ్యకీ పిల్లలు లేరు. వారసుడంటూ ఉంటే మేనల్లుడినైన నేనే. పెట్టెలో పెద్ద ఆస్తులేమీ లేవు. రెండు తెల్ల యూనిఫారం చీరలు, అట్ట ఊడిన బైబిలు, మావయ్య కళ్ళజోడు, అడుగున ఒక పాలపొడి డబ్బా. డబ్బా కదిపితే గలగలమంది. మా ఆవిడ ముఖంలో ఒక్క క్షణం బంగారం మెరిసింది. మూత తీస్తే వెండి కనబడింది. అదీ సిగరెట్ పెట్టెల్లో ఉండే వెండి కాగితం. రేగిపండంతేసి సర్వి కాయలు, ఒక్కోదానికీ ఆ కాగితం చుట్టి, మెడకో దారం కట్టినవి, ముప్పై దాకా ఉన్నాయి. "ఎండిపోయిన కాయల్ని ఇన్నేళ్ళు దాచిందా ఆవిడ? పారెయ్యనా?" అంది మా ఆవిడ. "వీటిని పారేస్తే నన్నూ పారెయ్యాలి," అన్నాను. "అది వేరే విషయం, తీరిగ్గా ఆలోచిద్దాం," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

సరుగుడు చెట్టుని మా బాపట్ల వైపు సముద్రపొడ్డున సర్వి అంటాం. సూదుల్లాంటి ఆకులతో, గాలి వీస్తే సముద్రానికి వంత పాడే చెట్టు. మా ఇసక నేలల్లో తోటలు తోటలుగా వేస్తారు. పందిరి గుంజకీ, ఇంటి వాసానికీ, పొయ్యిలోకీ అదే. క్రిస్మస్ వస్తే చర్చిలోకీ అదే. అయితే ఈ డబ్బాలో ఉన్నవి మా ఊరి కాయలు కావు. ఒమాన్ దేశంలో, బర్కా అనే ఊరి పక్కన, ఖర్జూరాల నీడ తప్ప మరో నీడ ఎరగని ఇసకలో కాసినవి. వాటి వెనక నా ఘనకార్యం ఒకటుంది. నా పేరు జయరాజు. పేరులో జయమూ ఉంది, రాజూ ఉన్నాడు. ఆ ఇద్దరిలో ఏ ఒక్కరితోనూ నాకు ముఖపరిచయం లేదని రుజువు చేసిన ఘనకార్యం అది.

అత్త సువార్తమ్మ బర్కా ఆస్పత్రిలో నర్సు. ఆస్పత్రంటే నాలుగు గదులూ ఒక వరండా. దాని వెనకే రెండు గదుల క్వార్టర్. దేశమంతా కొత్తగా రోడ్లూ బళ్ళూ ఆస్పత్రులూ లేస్తున్న రోజులు, ఎటు తిరిగినా తడి సిమెంటు వాసన. ముందు అత్త వచ్చింది. ఏడాది తిరగ్గానే మావయ్య దేవదానాన్ని తెచ్చుకుని, అక్కడి సర్కారు తోటలో పని చూపించింది. ఇంకో ఏడాదికి, డిగ్రీ రెండుసార్లు తప్పి ఊళ్ళో అరుగులు అరగదీస్తున్న నన్ను తెప్పించి, మావయ్య చేతికింద పెట్టించింది. "ఇక్కడ అరుగులు లేవురా జయా, ఏం అరగదీస్తావో చూస్తా," అంది విమానం దిగి వచ్చిన రోజే. అరుగుల కంటే ఖరీదైనవి ఉన్నాయని ఇద్దరికీ అప్పటికి తెలియదు.

ఆ ఇంట్లో పొద్దు మావయ్య ప్రార్థనతో మొదలయ్యేది. ఆయన ప్రార్థన మా ఊరి కాలవలాంటిది, ఎక్కడెక్కడి చేలకో వెళ్ళి గాని సముద్రంలో కలవదు. ఒమాన్‌లో వానలూ, ఊళ్ళో అప్పన్న గేదె, ఆస్పత్రిలో మూడో మంచం మీద ముసలాయన దగ్గూ, అన్నీ అందులో ఉండేవి. స్టవ్ మీద యాలకుల టీ పొంగే వేళకి అత్త గట్టిగా "ఆమేన్" అనేసేది. "ఇంకా అవ్వలేదే," అనేవాడు మావయ్య కళ్ళు తెరవకుండా. "దేవుడికి అర్థమైంది లెండి, టీ చల్లారిపోద్ది," అనేది అత్త. ఊరి నుంచి తెచ్చుకున్న చింతపండు నాలుగు నెలలకే అయిపోయేది. ఆ తర్వాత చేపల పులుసు ఆ ఊళ్ళో దొరికే ఎండు నిమ్మకాయలతో. నల్లగా, తేలిగ్గా, గోలీకాయల్లా ఉండేవి. వాటిని చితక్కొట్టి పులుసులో వేస్తే ఇల్లంతా ఒక చేదు పులుపు వాసన. సముద్రం వైపు గాలి తిరిగితే పశువుల మేతకని ఒడ్డున ఆరబోసిన కవళ్ళ చేపల కంపు వచ్చేది. నాకది కంపు కాదు. మా ఊరు నాకంటే ముందే విమానం ఎక్కి వచ్చి కూచున్నట్టుండేది.

వాళ్ళ పెళ్ళయి అప్పటికి పద్నాలుగేళ్ళు. అత్త ఉద్యోగం ఎప్పుడూ ఒక ఊళ్ళో, మావయ్య తోటలు ఇంకో ఊళ్ళో. సెలవులకి కలుసుకునే ఆలుమగలు. రోజూ పక్కపక్కన కూచుని అన్నం తినడమనేది వాళ్ళకి బర్కాలోనే మొదలైంది. సాయంత్రం అత్త డ్యూటీ దిగి వచ్చేసరికి కాళ్ళు కడుక్కోవడానికి మావయ్య గుమ్మంలో నీళ్ళ చెంబు పెట్టి ఉంచేవాడు. "ఏంటండీ ఇది, నేనేమన్నా చుట్టాన్నా," అని రోజూ విసుక్కునేది. ఏ రోజన్నా చెంబు లేకపోతే మాత్రం "ఇవాళ నీళ్ళకి కూడా కరువొచ్చిందా" అనేది. నలభై దాటినవాళ్ళు కొత్త కాపురం చేస్తున్నారని అప్పట్లో నాకు నవ్వొచ్చేది.

సర్కారు తోటకి పెద్ద కీత్ అనే ఆస్ట్రేలియా ఆయన. ఎండకి మెడ ఇటికరాయి రంగు తేలిన మనిషి, నెత్తిన ఎప్పుడూ వెడల్పు టోపీ, చేతిలో ఎప్పుడూ సిగరెట్. బర్కా చుట్టూ కూరగాయల మళ్ళూ, చిన్న నిమ్మతోటా వేయించాడు. వాటికి శత్రువు షమాల్ అనే వాయవ్యపు గాలి. వచ్చిందంటే ఇసకని చాపలా ఎత్తి తెచ్చి మళ్ళ మీద పరిచేది. ఆ గాలికి అడ్డంగా కీత్ తన దేశం నుంచి విత్తనాలు తెప్పించి ఒక వరస చెట్లు పెంచాడు. నూట పన్నెండు చెట్లు. మావయ్య వాటిని చూసిన మొదటి రోజు ఆశ్చర్యపోయి "ఇవి మా సర్వి చెట్లు," అన్నాడట. "కాదు, ఇవి మా షీ-ఓక్‌లు," అన్నాడట కీత్. మా తాతలు వేశారంటే, మీ తాతలకి విత్తనం ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆయన. "ఇంటిపేరు మారినంత మాత్రాన పిల్ల మాది కాకుండా పోద్దా సార్," అని ఈయన. నేను వెళ్ళేసరికి కూడా ఆ తగువు నడుస్తూనే ఉంది. పక్క ఖర్జూర తోట ఆసామి ఖల్ఫాన్ తాత, చిన్నతనంలో పడవల మీద బొంబాయి తిరిగి హిందీ నేర్చినవాడు, ఒకరోజు ఇద్దరి మాటా విని గడ్డం సవరించుకున్నాడు. "చెట్టు ఎవరిదైనా కానివ్వండి, అది తాగుతున్నది మా బావి నీళ్ళు. కాబట్టి ఇప్పుడది ఒమానీ," అని తీర్పు చెప్పాడు.

మావయ్యకి ఒక వింత అలవాటు ఉండేది. ఆ చెట్ల వరస వెంట నడిచేటప్పుడు మాత్రం చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నడిచేవాడు, గుళ్ళో పాస్టరుగారిలా. ఎందుకని అడిగితే "నడుము నొప్పిరా" అనేవాడు. నడుము నొప్పి టమాటా మళ్ళ దగ్గర ఎందుకు ఉండదో నాకు తోచలేదు. తోచి ఉంటే ఈ కథే లేదు.

ఆ ఏడు డిసెంబరులో కీత్ ఒక కొత్త ఉత్సాహంలో పడ్డాడు. మస్కట్‌లో ఉన్న తమవాళ్ళంతా క్రిస్మస్‌కి ప్లాస్టిక్ చెట్లు ఓడల్లో తెప్పించుకుంటున్నారు, మంచు దేశపు చెట్టు బొమ్మ పెట్టుకుని ఎండ దేశంలో పండగేమిటి, మన దేశపు మొక్కలు ఇక్కడ బతుకుతున్నప్పుడు వాటినే ఇంట్లో పెట్టుకోవచ్చు కదా అని ఆయన వాదన. ఇరవై కిరోసిన్ డబ్బాల్లో మొక్కలు పెంచాడు. కొన్ని సర్వి, తక్కినవి పసుప్పచ్చ పూలు పూసే వాళ్ళ దేశపు తుమ్మ. వాటికి రోజూ నీళ్ళు పోసింది నేనే. ఈ సంగతి అన్నం దగ్గర చెబితే అత్తకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. "క్రిస్మస్ చెట్టంటే సర్వి చెట్టే గదా. మరి సర్వి చెట్టు పెట్టమని జనాన్ని బతిమాలుకోవడమేంటి?" అంది. గోడ మీద ఆమెకి ఇంగ్లండు నుంచి ఒక పాత డాక్టరమ్మ పంపిన గ్రీటింగ్ కార్డు ఉండేది, మంచులో నిలబడ్డ దేవదారు చెట్టు బొమ్మ. నేను దాన్ని చూపించి, అసలు చెట్టు అదీ అన్నాను. అత్త కాసేపు జాలిగా చూసింది. "మంచు బాగానే ఏశాడు. సర్వి చెట్టే సరిగ్గా రాలేదు పాపం. కొమ్మలు మరీ బిరుసుగా వచ్చినయ్," అంది.

డిసెంబరు రెండో వారంలో మావయ్యకి హెర్నియా ఆపరేషను పడింది. మస్కట్ పెద్దాస్పత్రిలో పది పన్నెండు రోజులుండాలి. కీత్ కూడా మొక్కల డబ్బాలు జీపు వెనక కట్టుకుని, ఆఫీసు పనులున్నాయని మస్కట్ బయల్దేరాడు. మావయ్యని తనే ఎక్కించుకున్నాడు. ఎక్కుతూ ఎక్కుతూ మావయ్య నాకు చెప్పిన మాటలు మూడే: "నీళ్ళు పెట్టు. మళ్ళు చూసుకో. చెట్ల జోలికి పోకు." కారణం చెప్పలేదు. పెద్దవాళ్ళు కారణం చెప్పని కాలం, కుర్రవాళ్ళు అడగని కాలం. అత్త మటుకు "క్రిస్మస్‌కి నాలుగు కొమ్మలు కోసుకుంటాం సార్," అని కీత్‌ని ముందే అడిగి పెట్టుకుంది. ఆయన నవ్వి, నాలుగే, అని వేళ్ళు చూపించాడు.

నాలుగు కొమ్మల కోసమే వెళ్ళాను. మచ్చుకత్తి పట్టుకుని వరస మొదట్లో నిలబడి చూస్తే నా ప్రాణం చివుక్కుమంది. మూడేళ్ళ చెట్లు, రెండు నిలువుల ఎత్తు ఎదిగి, మొదలు నుంచీ కొమ్మలేసుకుని, నేల దాకా జుట్టు విరబోసుకుని ఉన్నాయి. మా ఊళ్ళో అలా వదిలేస్తే "ఈ తోటకి దిక్కులేదా" అంటారు. మూడో ఏడు రాగానే కింద కొమ్మలన్నీ మనిషెత్తు దాకా కొట్టెయ్యాలి. అప్పుడే కర్ర నిటారుగా సాగుతుంది, గుంజకి పనికొస్తుంది. కొట్టిన కొమ్మ పొయ్యిలోకి వస్తుంది. మా నాన్న నేర్పినవాటిలో నాకు వచ్చిన విద్య అదొక్కటే. పాపం మావయ్య నడుము నొప్పితో వంగలేక వదిలేశాడు, తిరిగి వచ్చేసరికి చేసి చూపిస్తే ఎంత సంతోషిస్తాడో అనుకున్నాను. రెండు రోజులు పట్టింది. నూట పన్నెండు చెట్లూ మొదళ్ళు నున్నగా, పైన కుచ్చుతో, బారు తీరిన పోలీసుల్లా నిలబడ్డాయి. పక్కన బడి కట్టే సైట్‌లో మేస్త్రీ లింగన్న, జగిత్యాల మనిషి, ఆ దారిన పోతూ ఆగాడు. "ఏం తమ్మీ, చెట్లకు క్షవరం జేసినవా? మస్తుగున్నయ్ పో, పెండ్లికొడుకుల లెక్క," అన్నాడు. ఆ మాటకి నేను ఆ పూట అన్నం రెండోసారి పెట్టించుకున్నాను.

మూడో నాడు షమాల్ వచ్చింది. పైన కుచ్చులు దాన్ని ఆపాయి. ఆగిన గాలి ఊరుకుంటుందా, కింద నేను తీసి పెట్టిన గుమ్మంలోంచి రెట్టింపు జోరుతో దూరింది. మధ్యాహ్నానికి చూస్తే మొదటి రెండు టమాటా మళ్ళు లేవు. ఉండాల్సిన చోట ఇసక దిబ్బ ఉంది, అందులోంచి నాలుగు ఆకులు చేతులెత్తి మొక్కుతున్నట్టున్నాయి. నిమ్మ మొక్కలు ఒక పక్కకి ఒరిగిపోయాయి. ఖల్ఫాన్ తాత తలకి గుడ్డ చుట్టుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. "గోడ కట్టి, కింద సగం తీసేశావా బేటా?" అన్నాడు మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేది. అప్పుడు అర్థమైంది నాకు మావయ్య చేతులు వెనక్కి ఎందుకు కట్టుకునేవాడో. ఆయన చేతులూ మా ఊరి చేతులే. కత్తి మీదికి పోకుండా వాటిని రెండేళ్ళ నుంచీ కట్టేసుకుని తిరుగుతున్నాడు.

ఇంటికి వెళ్ళి అత్తతో చెప్పాను. ఆమె యూనిఫారం కూడా విప్పకుండా వచ్చి, వరసంతా చూసి, ఇసకలో చతికిలబడింది. "నాలుగు కొమ్మలు తెమ్మంటే నాలుగొందలు కొట్టావేంరా," అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. "మీ మావయ్య అగ్రిమెంటు ఈ నెలాఖరుకి అయిపోద్ది. మళ్ళీ రాయాలో వద్దో చెప్పేది ఆ కీత్ సారే. ఈ చెట్లు ఆయనకి ప్రాణం. తోటని ఒప్పజెప్పి పోయింది మీ మావయ్యకి, నీక్కాదు." ఇసక దులుపుకుంటూ, నాతో కాదన్నట్టు అంది: "పద్నాలుగేళ్ళకి గాని ఒక ఇల్లు కుదరలేదు. మళ్ళీ ఆయనొక చోటా నేనొక చోటానా." సర్వి నరికి సర్వీసు పోగొట్టుకోవడం అంటే అదీ. కాకపోతే నరికింది నేను, సర్వీసు మావయ్యది.

ఆ రాత్రి పులుసు దిగలేదు నాకు. తెల్లారి అత్తే అంది: "చెట్టుకి కొమ్మ అతికించలేం. ఊళ్ళో గాలొస్తే ఏం చేసేవోళ్ళం? దడి కట్టేవోళ్ళం గదా. కట్టు." తాటాకులేవీ అన్నాను. ఆమె కిటికీలోంచి ఖల్ఫాన్ తాత ఇంటివైపు చూపించింది. ఆయన ఇల్లే ఖర్జూరపు మట్టల ఇల్లు. చుట్టూ మట్టల దడి. బర్కా ఉన్న బాతినా తీరమంతా అప్పట్లో అలాంటి ఇళ్ళే. మా తాటాకు దడికీ వాళ్ళ మట్టల దడికీ వేలువిడిచిన చుట్టరికం ఉంది. వెళ్ళి అడిగితే ముసలాయన యాలకుల కాఫీ ఇచ్చి, నేను తాగేదాకా ఆగాడు. తర్వాత లేచి, తోటలో కొట్టి పోగేసిన ఎండు మట్టల గుట్ట చూపించి, "వంట చెరకనుకున్నాను. గోడ అయ్యే రాత ఉంది దానికి," అన్నాడు. మట్టలు ఎలా నీళ్ళలో నానబెట్టాలో, తాడు ఎన్ని మెలికలు వెయ్యాలో తనే దగ్గరుండి నేర్పాడు. నా మెలిక చూసి నవ్వి, విప్పి, మళ్ళీ వేసేవాడు.

మనుషులు కావాల్సి వచ్చింది. లింగన్న దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు. "నువ్వు గొరుగుడు, మేం కట్టుడా? మంచిగనే ఉన్నది నీ లెక్క. పెండ్లికొడుకుల లెక్కున్నయని నేనే అంటి గదా, నా నోరు గూడ జర పాపం జేసింది. శుక్రారం సైటు బంద్, పొద్దుగాల్నే వస్తం తియ్," అన్నాడు. శుక్రవారం ఎనిమిదిమంది వచ్చారు. సర్వి మొదళ్ళే గుంజలయ్యాయి. వాటి మధ్య మట్టలు నిలిపి, నేను కొట్టిన కొమ్మల్నే అడ్డంగా అల్లి, తాళ్ళతో బిగించాం. గుండెల్లో దడ, చేతుల్లో దడి. ఆస్పత్రి డ్యూటీ నుంచి మధ్యమధ్య అత్త వచ్చి, సందు కనిపిస్తే వేలు దూర్చి చూసేది. "ఇక్కడ గాలి దూరుద్ది," అనేది. "గాలి గాదు సిస్టర్, గిండ్లకెల్లి ఈగ గూడ దూరది," అనేవాడు లింగన్న. మధ్యాహ్నం ఆమె పెద్ద డేగిసాతో చేపల పులుసూ అన్నం తెస్తే, ఎండు నిమ్మకాయల్ని చూసి "గిదేందమ్మా, పులుసుల గోలీలు ఏసినవ్," అంటూనే మూడు పళ్ళేలు లాగించాడు. పొద్దు వాలేసరికి వరసలో సగం అయింది. మిగతాది రోజూ డ్యూటీ అయ్యాక వాళ్ళలో ఇద్దరో ముగ్గురో వచ్చి కూచుని, నాలుగు రోజుల్లో ముగించాం. ఇసక తోడి మళ్ళు బయటికి తీశాం. బతికినవి బతికాయి.

ఇంకా ఒక మోపు కొమ్మలు మిగిలాయి. అత్త వాటిని పారెయ్యనివ్వలేదు. "చెట్టు చేద్దాం," అంది. ఆస్పత్రి వాకిట్లో తారు పీపాలో ఇసక పోసి, ఒక గుంజ పాతి, దాని చుట్టూ పై నుంచి కింద దాకా కొమ్మలు కట్టాం. నేలని తాకేంత కింది దాకా. నేల ఊడ్చే ఆ కొమ్మలకే చిన్న చిన్న కాయలు వేలాడుతున్నాయి. కీత్ తాగి పారేసిన సిగరెట్ పెట్టెల్లోంచి మావయ్య ఏడాది పొడుగునా ఏరి దాచిన వెండి కాగితం ఆయన దిండు కింద కట్టగా దొరికింది. ఎందుకు దాచాడో అత్తకి తెలుసు. ప్రతి క్రిస్మస్‌కీ ఊళ్ళో ఆయనే కాయలకి కాగితం చుట్టేవాడు. ఆ సాయంత్రాలు మంచాల మీద ఉన్న రోగులే సగం కాయలు చుట్టి పెట్టారు. మూడో మంచం ముసలాయన దగ్గుతూనే పదకొండు చుట్టాడు.

క్రిస్మస్ ముందు రోజు మధ్యాహ్నం జీపు వచ్చింది. వెనక కిరోసిన్ డబ్బాలు కనబడ్డాయి. ఇరవైలో పద్నాలుగు తిరిగొచ్చాయి. మస్కట్‌లో ఒక దొరసాని "ఇది చెట్టా, నిలబెట్టిన చీపురా" అందట. మావయ్య తర్వాత చెప్పాడు. కీత్ దారంతా సిగరెట్ మీద సిగరెట్. అలాంటి మనిషి దిగి చూసిన మొదటి దృశ్యం నా క్షవరం. టోపీ తీసి చేత్తో పట్టుకుని, వరస ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాడు. మావయ్య కుట్ల మీద చెయ్యి పెట్టుకుని వెనకే నడిచాడు. ఆ రోజు చేతులు వెనక్కి లేవు. చివర్న కీత్ వెనక్కి తిరగ్గానే మావయ్య, "నేనే కొట్టమన్నాను సార్. మా ఊళ్ళో అలవాటు," అన్నాడు.

"కాదు సార్, నేనే కొట్టాను. ఆయన వద్దన్నాడు," అన్నాను.

"నోరు ముయ్యరా, సార్ నమ్ముతున్నాడు," అన్నాడు మావయ్య తెలుగులో.

కీత్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఆస్పత్రి మంచం మీంచి నరికించావా, దానమ్?" అన్నాడు. మావయ్య పేరు ఆయన నోట్లో సగమే పట్టేది. నా చేతిలోంచి మచ్చుకత్తి తీసుకున్నాడు. దడి దగ్గర వంగి, అవతలి వైపు ఎత్తుగా పేరుకున్న ఇసకనీ, ఇవతలి వైపు శుభ్రంగా ఉన్న మళ్ళనీ చూశాడు. అల్లికలోకి చెయ్యి దూర్చబోతే దూరలేదు.  కత్తి చేత పట్టుకునే ఆస్పత్రి వైపు నడిచాడు.

ఆస్పత్రి వాకిట్లోకి వచ్చేసరికి చెట్టు చుట్టూ జనం. వెండి కాయలు ఎండకి మెరుస్తున్నాయి. అత్త చీర కొంగు దోపుకుని, కొస మీద నక్షత్రం కడుతూ స్టూలు మీద ఉంది. కీత్ చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, "సిస్టర్, మీ ఊళ్ళో అసలు చెట్టు దొరక్క దీన్ని పెడతారా?" అని అడిగాడు.

అత్తకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "అసలు చెట్టు ఇదే గదా సార్," అంది స్టూలు దిగుతూ. వెనక ఇంట్లోకి వెళ్ళి గోడ మీది కార్డు తెచ్చి చూపించింది. తన ఇంగ్లీషులో నెమ్మదిగా వివరించింది, చూడండి సార్, బొమ్మ గీసినవాడికి చెయ్యి తిరగలేదు, సర్వి కొమ్మ ఇలా వంగాలి, వీడు కర్రల్లా పెట్టాడు అని.

కీత్ మొదట నవ్వాడు. ఆ నవ్వు ఆగాక వరండా మెట్టు మీద కూచున్నాడు. వాళ్ళ నాన్నది వానలు లేని జిల్లాలో గొర్రెల మంద అట. ఇంట్లో ఆరుగురు పిల్లలు. క్రిస్మస్ వస్తే వాళ్ళమ్మ వాగు ఒడ్డున షీ-ఓక్ కొమ్మ ఒకటి నరుక్కొచ్చి బకెట్‌లో పాతేదట. పాతి, ప్రతి ఏడూ పిల్లలకి క్షమాపణ చెప్పేదట: ఈసారికి దీంతో సరిపెట్టుకోండి, వచ్చే ఏడు అసలు చెట్టు తెస్తాను అని. వచ్చే ఏడు రాలేదు, ఆమె పోయింది. "మా అమ్మకి ఎవరూ చెప్పలేదు, అదే అసలు చెట్టని," అన్నాడు. అత్త ఒక వెండి కాయ తీసి ఆయన చేతిలో పెట్టింది.

కాసేపటికి ఆయన లేచి జీపు దగ్గరికి వెళ్ళి డబ్బాలు దించడం మొదలుపెట్టాడు. తుమ్మ మొక్కలు. "ఇవీ, నర్సరీలో ఉన్నవీ దడి వెంట నాటుదాం. గుబురుగా కిందే పెరుగుతాయి, ఆ ఖాళీ పూడుస్తాయి. రెండేళ్ళు పడుతుంది. అప్పటిదాకా దడి నిలవాలి, చివికినప్పుడల్లా మళ్ళీ కట్టాలి," అని మావయ్య వైపు తిరిగాడు. "నువ్వుంటావా, దానమ్, రెండేళ్ళు?"

మావయ్య కుట్లు మరిచిపోయి డబ్బా ఎత్తబోయాడు. అత్త కేకేసింది. ఉంటానని చెప్పడానికి అంతకంటే ఇంగ్లీషు ఆయనకి అక్కర్లేకపోయింది. నా గురించి కూడా కీత్ ఒక ఆజ్ఞ జారీ చేశాడు: మచ్చుకత్తి తన అల్మారాలో పెట్టి తాళం వేస్తున్నాననీ, నేను ఒమాన్ వదిలిన రోజున అది బయటికి వస్తుందనీ. మాట మీద నిలబడ్డాడు.

ఆ సాయంత్రం గుమ్మంలో నీళ్ళ చెంబు అత్త పెట్టింది. మావయ్య పొట్ట పట్టుకుని మెల్లగా మెట్టెక్కి, చెంబు చూసి ఆగాడు. "ఏంటే ఇది, నేనేమన్నా చుట్టాన్నా," అన్నాడు. అత్త లోపల్నుంచి "ఆమేన్" అంది.

వాళ్ళు ఆ ఇంట్లో రెండేళ్ళు కాదు, తొమ్మిదేళ్ళున్నారు. నేను మూడేళ్ళకే వచ్చేసి, డిగ్రీ మూడో ప్రయత్నంలో గట్టెక్కి, బళ్ళో మాస్టరునయ్యాను. ఇప్పుడు చీరాల బజారులో డిసెంబరు వస్తే మంచు కొట్టిన ప్లాస్టిక్ దేవదారులు గొడుగుల్లా ముడిచి అమ్ముతారు. మా చర్చిలోనూ అదే. చవక, శుభ్రం, ఏటేటా విప్పుకోవచ్చు. నేను తప్పు పట్టను. చెట్ల విషయంలో ఇంకొకరిని తప్పు పట్టే అర్హత నాకు లేదు. ఆ రోజుల్లో అన్నీ గొప్పగా ఉన్నాయనీ అనను. అప్పుడు ఉత్తరం రావడానికి మూడు వారాలు పట్టేది, చింతపండు అయిపోయేది, అత్త రాత్రి డ్యూటీలకి కాళ్ళు వాచేవి. కానీ ఒక తప్పు చేస్తే దాన్ని పూడ్చడానికి జగిత్యాల మేస్త్రీ, బర్కా ఆసామీ, బాపట్ల నర్సూ ఒకే దడి దగ్గర కూచునేవాళ్ళు. ఇప్పుడు తప్పులు కూడా ఎవరివి వాళ్ళే పూడ్చుకోవాలి.

మా పెరటి కంచె వెంట నేను వేసిన సర్వి చెట్లు పన్నెండున్నాయి. నాలుగో ఏడు. మొదలు నుంచీ కొమ్మలేసుకుని, నేలని ఊడుస్తున్నాయి. దారిన పోయేవాళ్ళు ఆగి "ఏం మాస్టారూ, కింద కొమ్మలు కొట్టించరా? కర్ర పాడైపోద్ది," అంటారు. మొన్న డబ్బాలో కాయలన్నీ తెచ్చి, అందినంత మేర ఆ కింది కొమ్మలకే కట్టాను. మా ఆవిడ కాఫీ తెచ్చి, పక్కన నిలబడి కాసేపు చూసి, "పారెయ్యనక్కర్లేదు లెండి," అంది. కాయల్ని గురించి అందో నన్ను గురించి అందో నేను అడగలేదు. సముద్రం వైపు నుంచి గాలి వచ్చింది, చెట్ల దగ్గర ఆగింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని ఆ వరస వెంట ఇంకో రెండుసార్లు అటూ ఇటూ నడిచాను.